తోబుట్టువుల తగవులు, పసివారి అలుకలు

(తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, పై తరగతుల విద్యార్థులకును ఒక పాఠము)

బిడ్డలున్న ఇంట తగవు లేకుండుట అరుదు. ఉన్న బొంగరము ఒక్కటైనచో అది ఎవరిదని తగవు. రెండైనచో ఎఱ్ఱనిది ఎవరిదని తగవు. బస్సులో కిటికీ ప్రక్కన ఎవరు కూర్చుండవలెను, రాత్రి అవ్వ ప్రక్కన ఎవరు పరుండవలెను, చేతిఫోను ముందుగా ఎవరి చేతికి రావలెను అను ప్రశ్నలు ప్రతిదినమును పుట్టుచుండును. ప్రతిదినమును కన్నీటితో ముగియుచుండును. పాఠశాలకు వచ్చు తల్లులు చదువును గూర్చి అడిగిన పిమ్మట గొంతు తగ్గించి, "ఇంట్లో ఇద్దరూ పామూ ముంగిసల్లా ఉన్నారండీ, ఏం చేయమంటారు?" అని అడుగుట మేము తఱచుగా వినుచున్నాము.

ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. తనకంటె బలవంతునితో ఎట్లు మాటలాడవలెనో, తనకంటె బలహీనుని ఎట్లు చూడవలెనో, తనకు దక్కనిదానిని ఎట్లు ఓర్చుకొనవలెనో మనుష్యుడు మొట్టమొదట నేర్చుకొను బడి తోబుట్టువుల నడుమనే యున్నది. మనవంటి అల్పసంఖ్యాక భాషావర్గమునకు ఇందు మఱియొక విశేషము కలదు. కోయంబత్తూరు, మధుర ప్రాంతములందలి తెలుగుబిడ్డ తన తెలుగును పుస్తకమునుండి గాక, తల్లి లాలింపునుండియు, అన్న అక్కల వాదులాటనుండియు నేర్చుకొనుచున్నాడు. కావున ఈ పాఠమున బిడ్డల తగవులను, అలుకలను, వానిని తీర్చు విధములను, వానికిని మన ఇంటిభాషకును గల సంబంధమును క్రమముగా విచారింతము.

1. రెండు అలుకలు, రెండు క్షేత్రములు

మనము నివసించు ఈ సీమలో తోబుట్టువుల అలుకకు రెండు పుణ్యక్షేత్రములు వెలసియున్నవి.

కోయంబత్తూరునుండి పొల్లాచి మీదుగా మధురకు పోవు త్రోవలో పళని కొండ కలదు. ఆ కొండపై కుమారస్వామి దండాయుధపాణియై నిలిచియున్నాడు. ఆ కథ మన బిడ్డలందఱికిని తెలిసినదే. నారదుడు కైలాసమునకు ఒక పండు తెచ్చెను. దానిని కోసి పంచరాదట. బిడ్డలు ఇద్దరు, పండు ఒక్కటి. లోకమును ముందుగా చుట్టివచ్చిన వానికి పండు అని పందెము పెట్టిరి. తమ్ముడు నెమలినెక్కి బయలుదేఱెను. అన్నయగు వినాయకుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసి, తనకు లోకము వారేయని చెప్పి పండు పొందెను. కుమారుడు తిరిగి వచ్చి చూచి, అలిగి, సమస్తమును విడిచి ఈ కొండకు చేరెను. తల్లిదండ్రులు వెంట వచ్చి, 'ఫలము నీవే' అని ఊరడించిరనియు, 'పళమ్ నీ' అను ఆ తమిళపు మాటలే పళని యైనవనియు జనులు చెప్పుకొందురు. 1965లో వెలువడిన 'తిరువిళైయాడల్' అను తమిళ చలనచిత్రమున అవ్వైయారు వేషము ధరించిన కె. బి. సుందరాంబాళ్ ఆ బాలుని ఊరడించు ఘట్టము ఈ కథను ఇంటింటికిని చేర్చినది.

ఈ కథను తల్లిదండ్రుల దృష్టితో ఒకసారి చదువవలెను. కుమారుడు మోసము చేయలేదు, సోమరియు కాలేదు. చెప్పిన మాటను చెప్పినట్లే పాటించి, లోకమంతయు తిరిగి అలసి వచ్చెను. వచ్చిన పిమ్మట పందెమునకు వేఱొక అర్థమున్నదని తెలిసెను. ఓడిన బిడ్డకు పండు పోయిన దుఃఖముకంటె తన శ్రమను ఎవరును లెక్కింపలేదను దుఃఖమే ఎక్కువ. ఒక పండును ఇద్దరి నడుమ పందెముగా పెట్టినచో ఒకరికి పండును, మఱియొకరికి అలుకయు దక్కును. అయితే ఊరడించిన విధము గమనింపదగినది. తల్లిదండ్రులు అలిగిన బిడ్డ యున్న చోటికి తామే వచ్చిరి. గెలిచిన బిడ్డ చేతినుండి పండు లాగికొనలేదు. 'పండుదేమున్నది, పోనిమ్ము' అని అతని బాధను తేలిక చేయలేదు. నీ విలువ ఆ పండులో లేదని మాత్రము తెలిపిరి.

రెండవ అలుక మధురలోనిది. చైత్రోత్సవమున మీనాక్షీ కల్యాణము జరుగును. ఆమె సోదరుడగు అళగరు, చెల్లెలి పెండ్లికి తన కొండనుండి బయలుదేఱి, వైగై నదికి చేరుసరికే పెండ్లి ముగిసినదని విని, అలిగి, నగరము ప్రవేశింపకయే మరలిపోవునని జనుల కథ. చిత్రాపౌర్ణమినాడు స్వామి బంగారు గుఱ్ఱముపై వైగైలో దిగు వేడుకను చూచుటకు లక్షలాది జనులు నదికి చేరుదురు. వేర్వేరుగా జరుగుచుండిన ఈ రెండు ఉత్సవములను కలిపినవాడు, తెలుగువంశమున పుట్టి 1623 మొదలు 1659 వఱకు మధురనేలిన తిరుమల నాయకుడని ప్రతీతి.

ఇచట ఎవరును ఎవరిని అవమానింపలేదు. ముహూర్తము దాటరాదు, త్రోవ దూరము, అంతియే. అయినను 'నేను రాకుండగనే' అను బాధ నిజమైనది. అన్న బడినుండి వచ్చుసరికి అమ్మ చెల్లెలికి కథ చెప్పి ముగించినచో, ఆ బిడ్డ వైగై ఒడ్డున నిలిచిన అళగరువంటివాడే. జనులు ఆ అలుకను నవ్వి త్రోసివేయలేదు. ఏటేట నది యొడ్డున ఎదురేగి స్వాగతమిచ్చుచున్నారు. అలిగినవానికి ఎదురేగవలెనను మర్యాద మన ప్రాంతపు పండుగలోనే యున్నది. ఆ మర్యాదను మన ఇంటి పసివారికిని చూపవలెనని ఈ పాఠము కోరుచున్నది.

2. తగవులకు మూలములు

మొదటి మూలము స్థానభ్రంశము. వియన్నా నగరమున వైద్యుడై యుండిన ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937), తమ్ముడో చెల్లెలో పుట్టిన జ్యేష్ఠశిశువును సింహాసనము కోల్పోయిన రాజుతో పోల్చెను. నిన్నటివఱకు తల్లి ఒడి అంతయు తనదే. నేడు ఆ ఒడిలో మఱియొకరు. వచ్చినవారందఱును ఉయ్యాల వైపే పోవుచున్నారు. పైగా, "ఇంక నీవు పెద్దవాడివి" అను బిరుదొకటి. మూడేండ్ల బిడ్డ ఒక్క రాత్రిలో పెద్దవాడగునా? కనుకనే అట్టి బిడ్డ మానుకొన్న పాలసీసాను మరల అడుగును. మరల పక్క తడుపును. పాపను ముద్దాడునట్లు నటించి గిల్లును.

జూడీ డన్, కారొల్ కెండ్రిక్ అను ఇద్దరు విదుషీమణులు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండవ బిడ్డ పుట్టిన 40 కుటుంబములను ఇండ్లకే పోయి పరిశీలించి, 1982లో గ్రంథము ప్రకటించిరి. తల్లి పసిపాపను గూర్చి, ఆమెకును ఆకలి, ఇష్టము, భయము కలవనునట్లు పెద్దబిడ్డతో మాటలాడిన ఇండ్లలో, తరువాతి కాలమున ఆ బిడ్డల నడుమ స్నేహము ఎక్కువగా కనబడెను. ఈ పద్ధతికి ఖర్చు లేదు. "ముట్టుకోవద్దు, పాప ఏడుస్తుంది" అనుటకు మాఱుగా, "పాప ఎందుకు ఏడుస్తున్నదో నీకేమైనా తెలిసిందా నాయనా? ఆకలా, ఉక్కపోతా? నీవు పాడితే నీ వైపే చూస్తుంది, చూడు" అనవలెను. అంతటితో పెద్దబిడ్డ ప్రత్యర్థి కాక తల్లికి సలహాదారుడగును.

రెండవ మూలము లెక్క. బిడ్డలు న్యాయమును తూచుటలో మిక్కిలి నేర్పరులు. అయితే వారు తూచునది సమత్వము. తల్లి చూడవలసినది అవసరము. జ్వరముతో నున్న చెల్లెలిని ఒడిలో పెట్టుకొన్న తల్లి, "నీకు జ్వరమొచ్చినప్పుడు నిన్నూ ఇట్లే పెట్టుకొన్నాను, మళ్ళీ వస్తే మళ్ళీ పెట్టుకొంటాను" అని చెప్పినచో, న్యాయమనగా అందఱికిని ఒకే కొలత కాదనియు, ఎవరి వంతు అవసరము వచ్చినప్పుడు వారికి దొరకుననియు బిడ్డ గ్రహించును.

మూడవ మూలము శరీరము. ఆకలి, నిద్ర, అలసట, ఎండ అను నాలుగును అనేక తగవులకు అసలు కారణములు. సాయంకాలము బడినుండి వచ్చిన అరగంటలో జరుగు తగవులను ఒక వారము గమనింపుడు. రెండు మురుకులు, ఒక గ్లాసు మజ్జిగ ముందుగా ఇచ్చినచో వానిలో కొన్ని పుట్టనే పుట్టవు.

3. పసివాని ఉద్రేకము నాటకమా?

రెండేండ్ల బిడ్డ నేలపై పడి పొర్లుచు, గొంతు చించుకొని ఏడ్చినప్పుడు, "అంతా నాటకం" అని పెద్దలు అనుట వాడుక. ఇది సగము కూడ నిజము కాదు. ఉద్రేకమును నిగ్రహించు శక్తి మెదడు ముందుభాగమునకు సంబంధించినది. ఆ భాగము పూర్తిగా పరిణతి చెందుటకు ఇరువదియైదేండ్ల ప్రాయము వఱకు పట్టునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కోరిక పెద్దది, మాట చిన్నది, నిగ్రహము ఇంకను పుట్టలేదు. అట్టి ప్రాయమున ఉద్రేకము ఏడుపుగా పొంగుట సహజము.

అమెరికాలోని మిన్నెసోటాలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ 45 మంది బిడ్డల తల్లులచేత దినచర్యలు వ్రాయించి, 1,878 కోపఘట్టములను పరిశీలించి, 1931లో గ్రంథము ప్రకటించెను. రెండవ యేట కోపము మిక్కిలి తఱచుగా వచ్చుననియు, తరువాత క్రమముగా తగ్గుననియు, అధికభాగము అయిదు నిమిషములు దాటవనియు ఆమె కనుగొనెను. తల్లికి అయిదు నిమిషములు అయిదు ఝాములవలె తోచును గాని, గడియారము చూచి ఓర్చుకొన్నచో తుపాను దానంతట అదియే తగ్గును.

తరువాతి కాలమున మైకేల్ పొటెగల్ మొదలగువారు మఱియొక విషయము తెలిపిరి. ఏడుపులో రెండు పాయలు కలవు. కేకలు, తన్నుట, విసరుట కోపపు పాయ. అది త్వరగా ఎగసి త్వరగా తగ్గును. వెక్కుట, మూలుగుట, తల్లి కొఱకు చేతులు చాచుట దుఃఖపు పాయ; అది తుదివఱకు నిలుచును. కావున కేకల సమయమున ఉపన్యాసము వ్యర్థము. బిడ్డకు దెబ్బ తగులకుండ చూచుచు, దగ్గఱనే మౌనముగా నుండవలెను. కేకలు తగ్గి వెక్కిళ్ళు మొదలైనప్పుడు ఒడి చాపవలెను.

మఱి కోరినదెల్ల ఇచ్చివేయవలెనా? కాదు. కోయంబత్తూరు ఒప్పణక్కార వీధిలో బొమ్మకొఱకు బిడ్డ పొర్లినప్పుడు, పదిమంది చూచుచున్నారని సిగ్గుపడి తల్లి ఆ బొమ్మ కొనియిచ్చినచో, పొర్లుట బొమ్మకు వెలయని బిడ్డ నేర్చుకొనును. అప్పుడు మాత్రము ఏడుపు క్రమముగా ఉపాయమగును. కావున సూత్రమిది: బిడ్డ బాధకు ఓదార్పు ఇవ్వవలెను, బిడ్డ కోరికకు మొదట చెప్పిన మాటయే చెప్పవలెను. "ఆ బొమ్మ నీకు చాలా నచ్చింది, కొనలేదని ఏడుపొస్తున్నది, తెలుసు తల్లీ. ఈ రోజు కొనము" అనినచో రెండును నెరవేఱును.

కొందఱు పసివారు ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి, నీలివర్ణమునకు తిరిగి, క్షణకాలము స్పృహ తప్పుదురు. తల్లి ప్రాణము పోయినంత పని యగును. ఇది సాధారణముగా ఆరు నెలలనుండి అయిదేండ్లలోపు బిడ్డలలో కనబడును, ఊపిరి దానంతట అదియే తిరిగివచ్చును, వయస్సుతో మానిపోవును. అయినను ఒకసారి వైద్యునకు చూపి తీరవలెను. రక్తములో ఇనుము తక్కువైన బిడ్డలలో ఇది ఎక్కువగా కనబడును. దానికి చికిత్స కలదు. ఆ భయముచేత బిడ్డ అడిగినదెల్ల ఇచ్చుట చికిత్స కాదు.

4. బాధకు పేరు పెట్టుట

మనస్సులోని బాధకు మాట దొరకినచో దాని వేగము తగ్గును. మాథ్యూ లీబర్‌మన్ మొదలగువారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఉద్రేకమునకు పేరు చెప్పినప్పుడు మెదడులో భయ కోపములకు సంబంధించిన భాగము యొక్క చలనము తగ్గుట కనబడెను. అది పెద్దవారిపై జరిగిన పరిశోధన. బిడ్డకు ఆ పేర్లు ఇంకను తెలియవు గనుక మనమే అందింపవలెను.

ఇచట మన తెలుగు మనకు గొప్ప సాయము చేయుచున్నది. ఈ మాటలను పరిశీలింపుడు.

అలుక: తనవారు తన్ను మన్నింపలేదని కలుగు కోపము. పరాయివారిపై ఎవరును అలుగరు. అలుకకు మందు ఎదురేగి పిలుచుట.

ఉక్రోషము: ఓడిపోయి, ఏమియు చేయలేక, లోలోపల ఉడుకుట. ఆటలో ఓడిన తమ్మునిది ఇది. దీనికి మందు నవ్వకుండుట. మరల ఆడుటకు అవకాశమిచ్చుట.

మారాము: తన్ను ప్రేమింతురను ధైర్యముతో పట్టు పట్టుట. దీనికి చిఱునవ్వును, మాఱని మాటయు చాలును.

పేచీ: కారణము తెలియని చిక్కు. అన్నము వలదు, నీరు వలదు, ఆ చొక్కా వలదు. దీనికి మందు తఱచుగా నిద్రయే.

బెంగ: ఎడబాటుచేత కలుగు దుఃఖము. అవ్వ ఊరికి పోయినప్పుడు, తల్లి పురిటికి పోయినప్పుడు కలుగును. దీనిని మొండితనమని కొట్టుట అన్యాయము. పోయినవారు ఎప్పుడు వత్తురో చెప్పవలెను. వారి గొంతు వినిపింపవలెను.

ఓర్వలేనితనము: తోబుట్టువునకు దక్కినది చూచి కలుగు మంట. దీనికి మందు నీతిబోధ కాదు. ఆ బిడ్డకు మాత్రమే చెందిన కొంత సమయము.

ఈ ఆరింటికిని ఆరు కారణములు, ఆరు మందులు. నేటి బిడ్డ ఈ ఆరింటికిని 'మూడ్ అవుట్' అను ఒక్క పేరే పెట్టుచున్నాడు. రోగములన్నిటికిని ఒకే పేరు పెట్టినచో మందు దొరకదు గదా! "అలిగావా నాయనా?" అని తాత అడుగు ఒక్క ప్రశ్నలో, నీవు మావాడవు, నీ కోపము మాకు తెలిసినది, పిలుచుటకు వచ్చితిమి అను మూడు అర్థములు ఇమిడియున్నవి. ఆ మాట పోయిన ఇంట ఆ అర్థములను వేఱుగా వెదకికొనవలసి యుండును.

5. తగవు తీర్చు విధము

భాగవతమున బాలకృష్ణుడు మన్ను తినెనని అన్నయగు బలరాముడును, తోడి గోపబాలురును యశోదకు చెప్పిరి. యశోద తమ్ముని పిలిచి అడిగెను. తినలేదని అతడు చెప్పెను. అట్లయిన నోరు చూపుమనెను. తరువాతి మహిమను ప్రక్కన పెట్టి తల్లి చేసిన విచారణను మాత్రము చూతము: ఫిర్యాదు వినెను, రెండవ పక్షమును అడిగెను, స్వయముగా చూచెను. అనేక గృహములలో ఈ మూడింటికి ముందే వీపుపై తీర్పు పడుచున్నది.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున హిల్డీ రాస్, ఆమె సహచరులు తల్లులకు మధ్యవర్తిత్వము నేర్పి ఫలితములను పరిశీలించిరి. అయిదేండ్లు దాటిన బిడ్డల ఇండ్లలో ఆ పద్ధతి మేలు చేసెను. అందు నాలుగు మెట్లు కలవు. మొదటిది నియమము: కొట్టరాదు, తిట్టరాదు, ఒకరు మాటలాడునప్పుడు మఱియొకరు వినవలెను. రెండవది విషయము: ఎవరి మాట వారు చెప్పిన పిమ్మట, తగవు దేనిని గూర్చియో తల్లి తేల్చి చెప్పవలెను. మూడవది మనస్సు: తనకెట్లున్నదో ఒకరికొకరు చెప్పుకొనవలెను. నాలుగవది పరిష్కారము: దానిని తల్లి కాక బిడ్డలే వెదకవలెను. ఇట్లు తీరిన తగవులలో బిడ్డలు రాజీకి వచ్చుట ఎక్కువ యగును.

ఉదాహరణమునకు, తొమ్మిదేండ్ల అక్క గచ్చకాయలు ఆడుచుండగా ఆరేండ్ల తమ్ముడు రెండు కాయలు లాగికొని పరుగెత్తెననుకొందము. అక్క వెంటబడి జుట్టు పట్టుకొనెను. తల్లి మొదట ఇద్దరి చేతులు విడిపింపవలెను.

"కొట్టుకోవడం ఆపండి. కాయలు నా చేతికియ్యి నాయనా. అక్క ముందు చెప్పనీ, తర్వాత నీవు చెబుదువు."

"నేను అయిదింట్లో ఉన్నానమ్మా, ఆట చెడగొట్టాడు!"

"నన్ను ఆడించుకోదు. చిన్నవాడివి పో అంటుంది."

"అట్లయితే సంగతి ఇది. అక్కకు ఆట చెడింది. నీకు ఆటలో చోటు లేదు. అక్కకు కోపం, నీకు ఉక్రోషం. ఇప్పుడేం చేద్దాం, మీరే చెప్పండి."

తగవు కాయలను గూర్చినదని తోచెను. విచారింపగా, అది ఆటలో చోటును గూర్చినదని తేలెను. "ఈ ఆట ముగించాక వానికి మూడు కాయలతో నేర్పుతాను" అని అక్క యనవచ్చును. "నేను లెక్క పెడతాను" అని తమ్ముడు అనవచ్చును. వారు చెప్పినది మనకు వింతగా తోచినను, ఇద్దరికిని సమ్మతమైనచో అదియే తీర్పు.

వంతు కొఱకు వేచియుండుట గూడ నేర్పదగినదే. 1939లో మద్రాసునకు వచ్చిన మరియా మాంటిస్సోరీ, యుద్ధకాలమున, అప్పటి మధుర జిల్లాలోని కొడైకానలులో కొంతకాలము నివసించి పనిచేసెను. ఆమె పద్ధతి ననుసరించు బడులలో ఒక్కొక్క ఉపకరణము ఒక్కటియే యుండును. చేతనున్న బిడ్డ తన పని ముగించి దానిని స్వస్థానమున పెట్టువఱకు రెండవ బిడ్డ వేచియుండవలెను. "తమ్ముడు ఏడుస్తున్నాడు, ఇచ్చెయ్యి" అను న్యాయము అచట లేదు. 'ముగించిన తరువాత నీది' అను మాటపై నమ్మకము కుదిరినచో, ఇచ్చువాడు మనసార ఇచ్చును. వేచియున్నవాడు నిబ్బరముగా వేచియుండును.

ప్రతి తగవులోను పెద్దలు చొరబడరాదు. మాటలతో జరుగుచున్నంత సేపు చెవి యుంచి ఊరకుండవచ్చును. దెబ్బలు, కొఱుకుట, ప్రమాదకరమైన వస్తువులు కనబడిన క్షణమే అడ్డుపడవలెను. ఎల్లప్పుడును ఒకరే కొట్టువారు, ఒకరే కొట్టించుకొనువారుగా నున్నచో అది తగవు కాదు, పీడనము. అపుడు మధ్యవర్తిత్వము చాలదు, రక్షణ కావలెను.

6. పెద్దలు మానవలసినవి

"అక్కను చూచి నేర్చుకో" అను పోలికను మానవలెను. అది తమ్మునికి చదువు నేర్పదు. అక్కపై పగ నేర్పును.

"నీవు పెద్దదానివి, సర్దుకో" అను తీర్పును ఎల్లప్పుడు ఒకరికే చెప్పరాదు. ముఖ్యముగా ఆడుబిడ్డకు సర్దుకొనుటయు, మగబిడ్డకు దక్కించుకొనుటయు నేర్పినచో, ఆ అన్యాయము వారి పెండ్లిండ్లలోను, ఆస్తి పంపకములలోను మరల తల ఎత్తును.

ఏడ్చు బిడ్డను చూచి నవ్వరాదు. ఆ ఏడుపును ఫోనులో చిత్రించి బంధువులకు పంపరాదు. బూచివాడు వచ్చునని భయపెట్టరాదు. కొట్టకూడదని చెప్పుచు కొట్టరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పాఠశాలలో బిడ్డలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. బడిలో తప్పైనది ఇంటిలో ఒప్పెట్లగును?

తల్లి కాదన్నదానిని అవ్వ చాటుగా ఇచ్చుట, నాయన కోపించినప్పుడు తాత ఎదుటనే వెనుకవేసికొనివచ్చుట ఉమ్మడి కుటుంబములలో కలవు. అవ్వ ఒడి బిడ్డకు ఆశ్రయము, అది ఉండవలెను. ఓదార్పు ఎందఱైనను ఇయ్యవచ్చును. తీర్పు మాత్రము ఒక్కటిగా నుండవలెను.

ధ్రువుని కథలో ఇందుకు మంచి ఉదాహరణము కలదు. తండ్రి ఒడిలో సవతితమ్ముడు ఉత్తముడు కూర్చుండగా, అయిదేండ్ల ధ్రువునకు చోటు లేదని సురుచి పరుషముగా పలికెను. ఆ బాలుడు కోపముతో రొప్పుచు తల్లిని చేరెను. సునీతి అతనిని ఒడిలోనికి తీసికొని తానును కన్నీరు కార్చెను. పిమ్మట, ఇతరులకు కీడు తలపవలదని చెప్పెను. ముందు ఒడి, తరువాత నీతి. ఈ క్రమము తలక్రిందులైనచో నీతి చెవికెక్కదు.

7. ఇంటిభాషయు తోబుట్టువులును

1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన ఆరంభించినది మొదలు 1736లో నాయకరాజ్యము ముగియు వఱకును, విజయనగర, నాయకరాజుల కాలములలో అనేక తెలుగు కుటుంబములు ఈ సీమలకు వచ్చి స్థిరపడెను. కమ్మవారు, బలిజవారు, రాజకంబళమువారు, అరుంధతీయులు మొదలగు అనేక వర్గములవారు నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుచున్నారు. వీరిలో అనేకులకు తెలుగు లిపి రాదు. అయినను ఇన్ని వందల యేండ్లు ఈ భాష నిలిచినది. తల్లి బిడ్డతోను, అన్న తమ్మునితోను ఆ భాషలోనే మాటలాడుటచేత నిలిచినది.

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము తమిళమును ఈ రాష్ట్రపు పాఠశాలలలో తప్పనిసరి చేసినది. తమిళము మనకు అన్నము పెట్టిన నేల భాష. దానిని మన బిడ్డలు బాగుగా నేర్వవలెను. తెలుగునకు బడిలో చోటు ఇఱుకైనకొలది ఇంటిలోని చోటును మఱింత భద్రముగా కాపాడుకొనవలెనని మాత్రమే మేము చెప్పుచున్నాము.

ఆ చోటు మొదట సన్నగిల్లునది తోబుట్టువుల నడుమనే. రెండు భాషల కుటుంబములను పరిశీలించినవారు, బడికి పోవు పెద్దబిడ్డ ద్వారా బడిభాష ఇంటికి వచ్చునని గుర్తించిరి. పెద్దది తమిళములోనో ఇంగ్లీషులోనో తగవులాడును. చిన్నవాడు గెలుచుటకై ఆ భాషయే పట్టుకొనును. అన్న తన తెలుగును చూచి నవ్వినచో, ఆ తమ్ముడు మరల తెలుగున నోరు విప్పడు. కావున ఇంటిలో ఒక నియమము గట్టిగా నుండవలెను: ఎవరి మాటతీరును ఎవరును వెక్కిరింపరాదు. అవ్వ తెలుగులో తమిళపు యాస యున్నదనియు నవ్వరాదు. పాప మాట ముద్దగా నున్నదనియు నవ్వరాదు.

బిడ్డలు ఏ భాషలో కొట్లాడినను, ఓదార్పును రాజీని తల్లి తెలుగులో చేయవలెను. భయములో, దుఃఖములో విన్న మాట మనస్సున లోతుగా నాటుకొనును. తిట్లు మాత్రమే తెలుగులో విని, ముద్దులు వేఱొక భాషలో పొందిన బిడ్డ, తెలుగును తిట్ల భాషగానే తలచును. "అలిగావా?", "బెంగపడ్డావా?", "రా తల్లీ, అన్నం తిందాం" అను మాటలలో పెరిగిన బిడ్డకు తెలుగు ఆశ్రయమగును. పెద్దయై కష్టము వచ్చినప్పుడు ఆ బిడ్డ ఆ భాషను తానే వెదకికొనును.

సారాంశము

తగవు తోబుట్టువుల సహజధర్మము. తీర్చుకొనుట మాత్రము నేర్పవలసిన విద్య. ఒక పండును ఇద్దరి నడుమ పందెముగా పెట్టరాదు. అలిగినవానికి ఎదురేగవలెను. కేకల సమయమున మౌనము, వెక్కిళ్ళ సమయమున ఒడి. బాధకు పేరు చెప్పవలెను. కోరికకు మాట మాఱరాదు. రెండు పక్షములు వినక తీర్పు చెప్పరాదు. ఓదార్పు ఇంటిభాషలో నుండవలెను.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. పళని కథలో పందెము పెట్టక పండును ఇచ్చు మార్గములు మూడు చెప్పుడు. వానిలో ఇద్దరు బిడ్డలును ఒప్పుకొనునవి ఏవి?

2. అలుక, ఉక్రోషము, బెంగ అను మూడింటికి మీ ఇంట జరిగిన ఒక్కొక్క సంఘటనను తెలుగులో వ్రాయుడు. లిపి రానివారు అవ్వకు చెప్పి, అక్కచేతనో అన్నచేతనో వ్రాయింపుడు.

3. ఒక వారము మీ ఇంటి తగవులు ఏ వేళ జరిగినవో, ఏ భాషలో జరిగినవో, ఏ భాషలో తీరినవో పట్టిక వేయుడు.

4. అవ్వ, తాతలను అడిగి, బిడ్డల కోపమునకును, దుఃఖమునకును వారు వాడు మాటలు పది సేకరింపుడు. వానిలో మీరు మొదటిసారి విన్నవి ఎన్ని?